యీవూ నగరమా, కౌంటీయా? ఓడరేవు లేని ఊరు ప్రపంచానికి అంగడి ఎలా అయింది

మీరు రెండు విషయాలు అడిగారు. ఒకటి, చైనా సప్లయర్ పంపిన ఇన్‌వాయిస్ మీద "యీవూ నగరం, జిన్హువా నగరం, జెజియాంగ్ ప్రావిన్స్" అని ఉంది, ఒక నగరంలో ఇంకో నగరం ఎలా ఉంటుంది, ఇది దొంగ అడ్రసేమో అని. రెండోది, సముద్రం లేదు, గనులు లేవు, రాజధాని కాదు, మరి బొమ్మలకీ బటన్లకీ పూసలకీ ప్రపంచమంతా ఆ ఊరికే ఎందుకు పోతోంది అని. నేను 2009 నుంచి హైదరాబాద్ బేగంబజార్ దుకాణాలకు ఫ్యాన్సీ సామాన్లు తెప్పించే పనిలో ఉన్నాను. ఈ రెండు ప్రశ్నలూ వేరు వేరు కావు. ఆ ఊరి పాలనా హోదా అర్థమైతే దాని వ్యాపారం సగం అర్థమైనట్టే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు అడ్రస్ సంగతి. అది సరైన అడ్రసే, టెన్షన్ పడకండి. చైనాలో "షి" అనే ఒక్క మాటని మూడు హోదాల ఊళ్ళకి వాడతారు, మనం దాన్ని నగరం అని అనువదించుకుంటున్నాం. బీజింగ్, షాంఘైలు ప్రావిన్స్ హోదా ఉన్న షి. వాటి కింద జిల్లా స్థాయి షి ఉంటాయి, జిన్హువా అలాంటిది. దాని మొత్తం విస్తీర్ణం దాదాపు 11 వేల చదరపు కిలోమీటర్లు, మన ఉమ్మడి గుంటూరు జిల్లా అంత. ఆ కింద కౌంటీ (జిల్లా కింద ఉండే పాలనా విభాగం) స్థాయి షి, అదే యీవూ. దీని విస్తీర్ణం 1,105 చదరపు కిలోమీటర్లు, గుంటూరు జిల్లా లెక్కలో ఐదారు మండలాలు కలిపినంత. అందులో ఎత్తైన భవనాలూ ఉన్నాయి, వరి పొలాలూ ఉన్నాయి, అడవి పట్టిన గుట్టలూ ఉన్నాయి. 1980ల నుంచి చైనా ప్రభుత్వం వందల కౌంటీలని పొలాలూ పల్లెలతో సహా మొత్తంగా "నగరం" అని పేరు మార్చింది. యీవూకి ఆ హోదా 1988లో వచ్చింది. ఇప్పుడు దాని కింద 8 వార్డు స్థాయి పట్టణ విభాగాలు, 6 చిన్న పట్టణాలు ఉన్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. కాగితం మీద కౌంటీ స్థాయి నగరం ప్రావిన్స్‌దే, జిల్లా నగరం ప్రావిన్స్ తరఫున దాన్ని చూసుకుంటుందంతే. ఈ తేడా నాకు మొదటి ప్రయాణంలో తెలియదు. జిల్లా కేంద్రం కదా, ఆఫీసులూ బ్యాంకులూ అక్కడే ఉంటాయనుకుని జిన్హువాలో దిగాను. ఒక రోజంతా పోయింది. నాకు కావలసిన కస్టమ్స్, షిప్పింగ్ ఏజెంట్లు, దుబాసీలు అందరూ యీవూలోనే ఉన్నారు. మీరు నేరుగా యీవూ స్టేషన్‌కే టికెట్ తీసుకోండి. షాంఘై నుంచి హైస్పీడ్ రైల్లో సుమారు గంటన్నర, హాంగ్‌జౌ నుంచి అరగంట పైన.

చరిత్ర చూస్తే పెద్దరికం తలకిందులుగా ఉంటుంది. క్రీస్తు పూర్వం 222లో చిన్ రాజ్యం ఇక్కడ వూషాంగ్ అనే కౌంటీ పెట్టింది. అప్పుడు అది చాలా పెద్దది. క్రీ.శ. 192లో దానిలోంచి ఒక ముక్క కోసి చాంగ్‌షాన్ అనే కొత్త కౌంటీ చేశారు, ఇవాళ్టి జిన్హువాకి మూలం అదే. 624లో థాంగ్ వంశం కాలంలో యీవూ అనే పేరు స్థిరపడింది. 686లో తూర్పు భాగం విడిపోయి డాంగ్యాంగ్ అయింది, 754లో ఉత్తరాన ఇంకో భాగం ఇప్పటి పూజియాంగ్ కౌంటీకి పోయింది. 1960లో పూజియాంగ్‌ని తెచ్చి మళ్ళీ యీవూలో కలిపారు, ఆ దశాబ్దంలోనే మళ్ళీ విడదీశారు. చుట్టుపక్కల ఏ ఊరి పాత చరిత్ర తిరగేసినా యీవూ పేరు తగులుతుంది.

పేరు వెనుక కథ కూడా చెప్పాలి. యాన్ వూ అనే పేదవాడు చనిపోయిన తండ్రిని పూడ్చడానికి ఒంటరిగా మట్టి మోస్తుంటే, కాకులు గుంపుగా వచ్చి ముక్కులతో మట్టి తెచ్చి పోశాయట. మోసి మోసి వాటి ముక్కులు గాయపడ్డాయి. వూషాంగ్ అంటే గాయపడ్డ కాకి. మనకి కాకి అంటే పిండం గుర్తొస్తుంది, అక్కడా తండ్రి అంతిమ కార్యానికే కాకి వచ్చింది. ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఇక నేల సంగతికి వద్దాం, అసలు విషయం అక్కడే మొదలవుతుంది. యీవూ జెజియాంగ్ ప్రావిన్స్ నడిమధ్య, జిన్హువా–చూజౌ లోయకి తూర్పు కొసన ఉంటుంది. మూడు వైపులా కొండలు. మధ్యలో యీవూ నది పడమరకి పారి, జిన్హువా దాటి, చివరికి హాంగ్‌జౌ దగ్గర సముద్రంలో కలిసే ఛియెన్‌థాంగ్ నదిలోకి చేరుతుంది. గుట్టల మీద ఎర్రమట్టి, పులుపు ఎక్కువ, సారం తక్కువ. మనుషులు ఎక్కువ, చదును నేల తక్కువ. ఒక కుటుంబానికి దక్కే పొలం ఇంటిల్లిపాదికీ ఏడాదంతా తిండి పెట్టేది కాదు.

ఆ నేలకి ఎరువు కావాలి. వాళ్ళు కనిపెట్టిన ఎరువు కోడి ఈకలు. ఈకలని నానబెట్టి వరినారు మొదళ్ళలో దూర్చేవాళ్ళు, మెల్లగా కుళ్ళి సత్తువ ఇచ్చేవి. అన్ని ఈకలు ఊళ్ళో దొరకవు కదా, అందుకని పొలం పనులు అయిపోయిన చలికాలంలో మగవాళ్ళు కావడి భుజాన వేసుకుని బయటి ఊళ్ళకి నడిచేవాళ్ళు. కావడిలో ఇంట్లో వండిన చెరకు బెల్లం పలకలు, చేతిలో గిలక డప్పు. డప్పు చప్పుడు వినగానే పిల్లలు పండక్కి కోసిన కోడి ఈకలు పట్టుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు, వీళ్ళు ఉలితో పలక కొట్టి ఒక ముక్క ఇచ్చేవాళ్ళు. తర్వాత తర్వాత సూదులు, దారాలు, గుండీలు, దువ్వెనలు కూడా కావడిలో చేరాయి. మంచి ఈకలు దుమ్ము దులిపే కట్టలకి, మిగిలినవి పొలానికి. మన ఊళ్ళలో తల వెంట్రుకలకీ పాత చీరలకీ స్టీలు గిన్నెలు ఇచ్చే వాళ్ళని చూసిన ఎవరికైనా ఆ దృశ్యం వెంటనే కళ్ళ ముందుకొస్తుంది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఆ కావడివాళ్ళు సంపాదించింది ఈకలే కాదు. ఏ ఊళ్ళో ఏది దొరకదు, ఏ ఆడమనిషికి ఏ రంగు దారం కావాలి, పైసా లాభంతో ఎలా బతకాలి అన్న జ్ఞానం వాళ్ళు తరతరాలుగా పోగేసుకున్నారు. ఇవాళ యీవూలోని ఫూథియెన్ అనే పెద్ద మార్కెట్లో ఒక హెయిర్ క్లిప్ మీద అతి తక్కువ మార్జిన్ వేసుకుని లక్ష క్లిప్పులు అమ్మే ఆమెని చూసినప్పుడల్లా నాకు ఆ కావడే గుర్తొస్తుంది.

ఆ కొండ మనుషుల మొండితనానికి ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 1558లో ఇక్కడి గని తవ్వకం విషయంలో యీవూ రైతులూ పక్క యోంగ్‌ఖాంగ్ వాళ్ళూ ఘోరంగా కొట్టుకున్నారు. ఆ సంగతి విన్న మింగ్ వంశపు సేనాని ఛీ జిగువాంగ్, మరుసటి ఏడాది ఇక్కడికే వచ్చి సైన్యంలోకి మనుషులని తీసుకున్నాడు. తీరాన్ని దోచుకుంటున్న సముద్రపు దొంగలని ఓడించిన ఆయన దళానికి ఈ గుట్టల రైతులే వెన్నెముక.

ఇప్పుడు 1982. మావో కాలంలో ఇలాంటి చిల్లర వ్యాపారం నేరం కింద లెక్క. 1978 తర్వాత సంస్కరణలు మొదలైనా, కింది స్థాయిలో ఏది చేయొచ్చో ఏది చేయకూడదో ఎవరికీ స్పష్టత లేదు. యీవూ వీధుల్లో బుట్టలు పెట్టుకుని అమ్మేవాళ్ళని అధికారులు తరిమేవాళ్ళు, వీళ్ళు ఇంకో సందులో కూర్చునేవాళ్ళు. ఆ ఏడాది కౌంటీ కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శిగా షియే గావ్‌హువా వచ్చారు. ఫెంగ్ ఐచియెన్ అనే చిరువ్యాపారి, ఒక గృహిణి, ఆయన్ని కార్యాలయం దగ్గరే నిలదీసింది: మాకు పొలం లేదు, ఉద్యోగం లేదు, అమ్ముకోనివ్వకపోతే పిల్లలకి ఏం పెట్టాలి అని. ఆయన లోపలికి పిలిచి చాలాసేపు విన్నారు. తర్వాత మనుషులని పంపి పల్లెల్లో విచారణ చేయించారు.

1982 సెప్టెంబర్ 5న హూచింగ్‌మెన్ అనే చోట, మురుగు కాలువ మీద సిమెంటు పలకలు పరిచి, 700 దాకా అంగళ్ళతో మార్కెట్ తెరిచారు. దానితోపాటు నాలుగు అనుమతులు ప్రకటించారు: రైతులు పట్నంలో వ్యాపారం చేయొచ్చు, సరుకు దూర ప్రాంతాలకి తరలించి అమ్మొచ్చు, పట్నంలోనూ పల్లెలోనూ బజారు తెరిచి ఉంచొచ్చు, ప్రభుత్వ దుకాణాలతో పోటీ పడొచ్చు. పై నుంచి ఆదేశం లేకుండా ఒక కౌంటీ అధికారి ఇలా రాతపూర్వకంగా ఇవ్వడం ఆ రోజుల్లో ఉద్యోగం మీదకి తెచ్చుకోవడమే. తర్వాత పన్ను కూడా మార్చారు. అమ్మకం పెరిగేకొద్దీ పన్ను రేటు పెరిగే పద్ధతి తీసేసి, అంగడికి ఇంత అని స్థిరంగా కట్టించుకున్నారు. అప్పటిదాకా పెద్ద వ్యాపారం చేస్తే శిక్ష, ఇప్పుడు ఎంత ఎక్కువ అమ్మితే అంత మిగులు. నా అభిప్రాయంలో మార్కెట్ తెరవడం కంటే ఈ పన్ను నిర్ణయమే పెద్దది. 2018లో చైనా ప్రభుత్వం సంస్కరణల మార్గదర్శకులని సత్కరించినప్పుడు షియే గావ్‌హువా పేరు అందులో ఉంది. మరుసటి ఏడాది ఆయన చనిపోయారు.

ఇక ఆ తర్వాత మార్కెట్ ఊరంతా కదులుతూ పెరిగింది. 1984లో ఒక చోట, 1986లో ఇంకో చోట, 1992లో హువాంగ్‌యువాన్‌లో ఇంకా పెద్దది. 2002లో ఇప్పటి ఫూథియెన్ భవనాలు, అంటే అంతర్జాతీయ వాణిజ్య నగరం మొదటి విభాగం తెరిచారు. 2011కల్లా ఐదు విభాగాలు పూర్తయ్యాయి. 2025లో డిజిటల్ వాణిజ్య కేంద్రం పేరుతో ఆరో తరం మార్కెట్ కూడా తెరిచారు. ఫూథియెన్‌లో దుకాణాలు 75 వేలు. ఒక్కో దుకాణం ముందు మూడు నిమిషాలు నిలబడి, రోజుకి ఎనిమిది గంటలు తిరిగినా 460 రోజులు దాటిపోతుంది. అందుకే తిరిగి చూద్దాంలే అని వెళ్ళకండి, ఏం కొనాలో రాసుకుని వెళ్ళండి.

ఇంత పెద్ద మార్కెట్లోనూ కొనడం సులువుగా ఉండడానికి ఒక నిర్ణయం కారణం. 1990ల్లో ఒకే రకం సరుకు అమ్మేవాళ్ళందరినీ ఒకే వరసలోకి మార్చారు. బొమ్మలూ ప్లాస్టిక్ పూలూ నగలూ మొదటి విభాగంలో, గొడుగులూ తాళాలూ పనిముట్లూ రెండోదాంట్లో, స్టేషనరీ, కాస్మెటిక్స్, బటన్లు, జిప్పులు మూడోదాంట్లో, సాక్సులూ తువ్వాళ్ళూ నాలుగోదాంట్లో. కొనేవాడికి పక్కపక్కనే వంద ధరలు కనిపిస్తాయి, అమ్మేవాడు మోసం చేయడానికి వెసులుబాటు తగ్గుతుంది. భవనాల యజమాని ప్రభుత్వ అధీనంలో ఉన్న ఒక కంపెనీ, 2002లో షాంఘై స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయింది. అంగళ్ళు ఎన్ని ఉండాలి, ఎవరు ఏ వరసలో కూర్చోవాలి, అద్దె ఎంత అన్నది ఊరి పాలకుల చేతిలోనే ఉందన్నమాట. పూర్తి స్వేచ్ఛా మార్కెట్ అని కొందరు రాస్తుంటారు, నేను చూసింది అది కాదు. వ్యాపారం జనానిది, పందిరి ప్రభుత్వానిది.

ఇంత వ్యాపారం పెరిగేసరికి పాత హోదా ఇరుకైపోయింది. జెజియాంగ్ ప్రావిన్స్‌లో కౌంటీల డబ్బు వ్యవహారం జిల్లాతో కాకుండా నేరుగా ప్రావిన్స్‌తోనే నడుస్తుంది, చైనాలో చాలా చోట్ల అలా లేదు. దానికి తోడు 1990ల నుంచి విడతలు విడతలుగా బలమైన కౌంటీలకి అధికారాలు పెంచారు. 2006లో ఒక విడత ప్రత్యేకంగా యీవూ కోసమే చేశారు, దాంతో చాలా ఆర్థిక, సామాజిక విషయాల్లో జిల్లా నగరంతో సమానమైన అధికారాలు వచ్చాయి. పేరు కౌంటీయే, పని మాత్రం జిల్లాది. 2011లో కేంద్ర ప్రభుత్వం అంతర్జాతీయ వాణిజ్య సంస్కరణల ప్రయోగానికి ఈ ఊరిని ఎంచుకుంది. విదేశీయుల వీసా పొడిగింపు, నివాస అనుమతి లాంటి పనులు జిల్లా కేంద్రానికి పోకుండా యీవూలోనే అవుతాయి.

మీలాంటి కొత్తవాళ్ళకి వీటిలో అన్నిటికంటే ఉపయోగపడేది 1039 అనే చైనా కస్టమ్స్ కోడ్. మామూలుగా చైనా నుంచి ఎగుమతి చేయాలంటే ప్రతి సరుకుకీ వ్యాట్ ఇన్‌వాయిస్ కావాలి. యీవూ కంటైనర్‌లో నలభై యాభై దుకాణాల సరుకు కలిసి ఉంటుంది, ఆ చిన్న దుకాణదారుల దగ్గర అలాంటి ఇన్‌వాయిస్‌లు ఉండవు. 2014 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన మార్కెట్ కొనుగోలు పద్ధతిలో, ఒక్కో డిక్లరేషన్ లక్షన్నర డాలర్లు దాటకపోతే, వ్యాట్ మినహాయించి సులభంగా పంపిస్తారు. వ్యాట్ వాపసు రాదు, ఇబ్బందీ ఉండదు. ఆ కంటైనర్ మన రేవుకి చేరాక మాత్రం మన కస్టమ్స్ ఈ సులువు ఒప్పుకోదు. ప్రతి వస్తువుకీ సరైన వర్గీకరణ, సరైన ధర ఉండాలి. బొమ్మలైతే 2021 జనవరి నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. మొదటి కంటైనర్‌లో బొమ్మలు కలపొద్దని నేను అందరికీ చెప్పేది ఇందుకే. పది పెట్టెల బొమ్మల కోసం మిగతా మూడు వందల పెట్టెలూ రేవులో ఆగిపోయిన అనుభవం నాకుంది.

భౌగోళికంగా ఆ ఊరి పెద్ద లోటు నీళ్ళు. సరుకు రోడ్డు మీద తేవచ్చు, నీళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? యీవూ పెరిగే కొద్దీ వేసవిలో కొళాయిలు ఎండిపోయేవి. పక్కన పైభాగంలో ఉన్న డాంగ్యాంగ్ దగ్గర హెంగ్‌జిన్ జలాశయం నిండా నీళ్ళు. 2000 నవంబర్‌లో రెండు నగరాలూ ఒప్పందం రాసుకున్నాయి: ఏటా 5 కోట్ల ఘనపు మీటర్ల నీటి హక్కుకి యీవూ ఒకేసారి 20 కోట్ల యువాన్లు చెల్లిస్తుంది, పైపులైన్ కూడా తనే వేసుకుంటుంది, వాడుకున్న ప్రతి ఘనపు మీటరుకీ పదో వంతు యువాన్ నిర్వహణ ఖర్చు ఇస్తుంది. చైనాలో నీటి హక్కు కొనడం అమ్మడం మొదటిసారి జరిగింది ఇక్కడే. 686లో యీవూ నుంచి విడిపోయిన డాంగ్యాంగే 1,300 ఏళ్ళ తర్వాత యీవూకి నీళ్ళు అమ్మింది. పై ప్రభుత్వం ఆదేశించలేదు, రెండు సమాన హోదా ఊళ్ళు కూర్చుని బేరమాడుకున్నాయి. నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇది.

సముద్రం లేకపోవడం అంత పెద్ద లోటు కాలేదు. నింగ్బో రేవు కొన్ని గంటల దూరం, కంటైనర్లు రాత్రికి రాత్రే వెళ్ళిపోతాయి. కస్టమ్స్ తనిఖీ, సీలు యీవూలోనే అయిపోతాయి. 2014 నవంబర్‌లో యీవూ నుంచి స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కి సరుకు రైలు బయలుదేరింది, 13 వేల కిలోమీటర్లు, మూడు వారాలు. 2017 జనవరిలో లండన్‌కి. మనకి ఆ రైలుతో పనిలేదు, మన సరుకు ఓడలోనే వస్తుంది.

ఆ ఊరి జనాభా 2020 లెక్కల్లో 18 లక్షల 59 వేలు. అందులో సగానికి పైగా బయటి ప్రాంతాల నుంచి వచ్చి పనిచేసుకునేవాళ్ళే. 2024లో ఎగుమతి దిగుమతులు కలిపి 66 వేల కోట్ల యువాన్లు దాటాయి. ఐదారు మండలాలంత నేల మీద అంత వ్యాపారం! అరబ్బులు, ఆఫ్రికా వాళ్ళు, మనవాళ్ళు, అందరూ కనిపిస్తారు. సాయంత్రం ఇండియన్ హోటల్లో కూర్చుంటే హిందీ, గుజరాతీ ఎక్కువ, అప్పుడప్పుడూ తెలుగు వినబడుతుంది.

చేదు రోజులూ ఉన్నాయి. 2011 డిసెంబర్‌లో బకాయిల గొడవలో ఇద్దరు భారతీయ వ్యాపారులని స్థానికులు నిర్బంధించారు. బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయం 2012 జనవరిలో, యీవూలో వ్యాపారం చేయొద్దని హెచ్చరిక జారీ చేసింది. ఆ నెలంతా నాకు నిద్ర లేదు, అడ్వాన్స్ ఇచ్చిన సరుకు అక్కడే ఉండిపోయింది. 2013లో విదేశీయుల తగాదాలకి ప్రత్యేకంగా ఒక రాజీ సంఘం పెట్టారు, అందులో వేరు వేరు దేశాల వ్యాపారులే మధ్యవర్తులుగా కూర్చుంటారు. గొడవ వస్తే అరుచుకోకుండా ముందు అక్కడికి వెళ్ళండి. అంతకంటే ముందు అప్పు మీద సరుకు తీసుకోకండి, ఏజెంట్ పేరు మీద కాకుండా మీ పేరు మీదే ఆర్డర్ రాయించుకోండి.

ఎప్పుడు వెళ్ళాలో కూడా చెబుతాను. చైనా కొత్త సంవత్సరం చుట్టూ రెండు వారాలు మార్కెట్ మూసే ఉంటుంది, దానికి ముందు నెలలో ఫ్యాక్టరీలు ఆర్డర్లు తీసుకోవు. అక్టోబర్ మూడో వారంలో యీవూ ఫెయిర్ జరుగుతుంది, 1995 నుంచి ఉంది, అప్పుడు హోటల్ రేట్లు ఎక్కువ. దీపావళి సరుకుకైతే మే, జూన్‌లోనే ఆర్డర్ పెట్టాలి. చలికి ఓర్చుకోగలిగితే నవంబర్ చివర మంచి సమయం, మార్కెట్ ఖాళీగా ఉంటుంది, దుకాణదారులు తీరిగ్గా మాట్లాడతారు.

ఆ నెలలో వెళితే ఒక పూట మిగుల్చుకోండి. దక్షిణాన ఫోథాంగ్ అనే పాత పట్టణం ఉంది, రైలు రాకముందు పడవలన్నీ అక్కడే ఆగేవి. ఫో అంటే బుద్ధుడు, మన దేశం నుంచి వచ్చిన భిక్షువు వల్ల ఆ పేరు వచ్చిందని అక్కడివాళ్ళు కథ చెబుతారు. అక్కడి నుంచి పడమరగా యీథింగ్ వైపు వెళితే చెరకు తోటలు, గానుగలు, వరసగా పెట్టిన బాణలీలు. రసం ఒక బాణలి నుంచి ఇంకో బాణలికి తోడుతూ కాస్తారు, చిక్కబడ్డాక చెక్క తొట్టిలో పోసి కలుపుతారు. అనకాపల్లి వైపు బెల్లం వండే చోట నిలబడ్డవాళ్ళకి ఆ వాసన కొత్తగా అనిపించదు. వేడి పాకంలో ముంచిన పిండి జంతికలు చేతిలో పెడతారు. కావడివాళ్ళు ఈకలకి మారకంగా ఇచ్చింది ఈ చెరకు తీపినే.